ప్రమాద ఘంటిక

పాఠ్యాంశ ఉద్దేశం

ప్రమాదాన్ని ముందుగా తెలిపి ప్రజలను అప్రమత్తులను చేసే సాధనాలలో సైరన్ ముఖ్యమైనది. ఆరుబయట అమర్చే నిస్తంత్రి సైరన్ పనిచేసే తీరును, దానిని నెలకొల్పడంలో పాటించవలసిన పద్ధతులను, దాని వెనుక గల సామాజిక బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఆపద చెప్పి రాదని పెద్దల మాట. అయితే అనేక ఆపదలు ముంచుకొనిరావడానికి ముందే ఎవరో ఒకరికి తెలుస్తాయి. సముద్రంలో వాయుగుండం బలపడుతున్న సంగతి వాతావరణ శాస్త్రజ్ఞునికి తెలుస్తుంది. ఆనకట్ట తలుపులు ఎత్తబోతున్న సంగతి అక్కడి ఉద్యోగికి తెలుస్తుంది. కర్మాగారంలో విషవాయువు వెలువడుతున్న సంగతి అక్కడి కార్మికునికి తెలుస్తుంది. తెలిసినవాని నుండి తెలియనివానికి ఆ కబురు ఎంత త్వరగా చేరుతుందన్న దానిపైనే ప్రాణాలు నిలవడమో పోవడమో ఆధారపడి ఉంటుంది. ఆ కబురును మోసే సాధనాలలో ధ్వని అతి ప్రాచీనమైనది. నిద్రించేవాని కన్నులు మూసుకొని ఉంటాయి గాని, చెవులు తెరచియే ఉంటాయి.

పూర్వం శంఖం, నగారా, గుడిగంట, డప్పు ఈ పనిని నిర్వహించేవి. పంటచేలలో మంచె మీద నిలిచి రేకుడబ్బా మోగించి అడవిపందులను తరిమిన రైతు కూడ ధ్వని శక్తిని ఎరిగినవాడే. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా వద్ద గుమ్మటం కింద నిలిచి చప్పట్లు కొడితే, ఆ శబ్దం సుమారు ఒక కిలోమీటరు దూరంలో కొండమీద ఉన్న బాలా హిస్సారు వరకు వినిపిస్తుంది. కోటలో ప్రవేశించేవారి జాడను పైనున్నవారికి తెలిపే ఈ ఏర్పాటులో తీగ లేదు, యంత్రం లేదు. కట్టడపు నేర్పు మాత్రమే ఉన్నది.

సైరన్ పుట్టుక

'సైరన్' అనే మాట గ్రీకు పురాణగాథల నుండి వచ్చింది. తమ గానమాధుర్యంతో నావికులను ఆకర్షించి నాశనం చేసే జలకాంతలకు గ్రీకులు పెట్టిన పేరది. 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కాన్యార్ ద లా తూర్ తాను రూపొందించిన ధ్వనియంత్రం నీటిలో కూడ మోగగలదు కనుక దానికి ఆ పేరు ఉంచాడు. ప్రాణాలు తీసే పాటకు చెందిన పేరు కాలక్రమంలో ప్రాణాలు నిలిపే కూతకు చెందడం విచిత్రం.

సైరన్ పనిచేసే సూత్రం సులభమైనది. రంధ్రాలు గల ఒక బిళ్ళ వేగంగా తిరుగుతూ ఉంటుంది. ఆ రంధ్రాల గుండా గాలిని పంపినప్పుడు గాలి ప్రవాహం తెగుతూ, సాగుతూ ఉంటుంది. ఈ తెగడం, సాగడం వల్ల గాలిలో కంపనాలు కలుగుతాయి. బిళ్ళకు 12 రంధ్రాలు ఉండి, అది సెకనుకు 50 మారులు తిరిగితే సెకనుకు 600 కంపనాలు గల ధ్వని పుడుతుంది. వేగం హెచ్చితే స్వరం హెచ్చుతుంది, తగ్గితే తగ్గుతుంది. నేటి చిన్న సైరన్లలో తిరిగే బిళ్ళకు మారుగా విద్యుత్తుతో కంపించే స్ఫటిక ఫలకం గాని, లౌడ్‌స్పీకరు గాని ఉంటుంది. రూపం మారినా గాలిని కంపింపజేయడమే అన్నిటి పని.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో (1939–45) సైరన్ ఒక భాషగా రూపొందింది. హెచ్చుతూ తగ్గుతూ సాగే కూత విమానదాడి జరగబోతున్నదని చెప్పేది. ఒకే స్థాయిలో సాగే కూత అపాయం తొలగిందని చెప్పేది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినప్పుడు ఆ యుద్ధం తెలుగువారి గడపకు వచ్చింది. నేటికీ మన దేశపు పౌరరక్షణ వ్యవస్థలో ఈ రెండు కూతలకు అవే అర్థాలు ఉన్నాయి. 2025 మే 7న దేశవ్యాప్తంగా నిర్వహించిన పౌరరక్షణ విన్యాసాలలో హైదరాబాదు, విశాఖపట్నం నగరాలలోనూ సైరన్లు మోగాయి.

తీగలు లేని కబురు

సైరన్ మోగాలంటే రెండు కావాలి. మొదటిది శక్తి, రెండవది ఆజ్ఞ. పాత సైరన్లకు ఈ రెండూ తీగల ద్వారానే అందేవి. ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. తుపాను వచ్చినప్పుడు మొదట కూలేవి స్తంభాలు, మొదట తెగేవి తీగలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 10,000 మందిని బలిగొన్నది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి గ్రామాలను తుడిచిపెట్టింది. గాలి హోరులో, చీకటిలో, తీగలు తెగిన వేళ ఒక ఊరి కబురు మరొక ఊరికి చేరే మార్గమే లేకపోయింది.

నిస్తంత్రి సైరన్ ఈ చిక్కును తీర్చడానికి ఏర్పడింది. దీనిలో ఆజ్ఞ రేడియో తరంగాల ద్వారా వస్తుంది. శక్తి బ్యాటరీ నుండి లభిస్తుంది. పగలు సౌరఫలకం ఆ బ్యాటరీని నింపుతుంది. ఒడిశా ప్రభుత్వం 2018లో సుమారు 480 కిలోమీటర్ల తీరం వెంబడి 122 గోపురాలపై ఇటువంటి సైరన్లను నెలకొల్పింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత 2007లో హైదరాబాదులో ఏర్పడిన సునామీ హెచ్చరిక కేంద్రం సముద్రగర్భంలోని భూకంపాన్ని నిమిషాలలో పసిగట్టగలదు. కేంద్రం పసిగట్టిన కబురును తీరగ్రామంలోని గుడిసె వరకు చేర్చే చివరి మెట్టు సైరనే.

ఇండ్లకు, పాఠశాలలకు, గిడ్డంగులకు అమర్చే చిన్న సైరన్ కూడ ఇదే పద్ధతిలో పనిచేస్తుంది. తలుపు వద్దనో కిటికీ వద్దనో ఉన్న సూచిక చొరబాటును గుర్తించి, లోపలి నియంత్రణ పెట్టెకు తెలుపుతుంది. ఆ పెట్టె రేడియో సంకేతాన్ని పంపగానే బయటి సైరన్ మోగుతుంది, దాని దీపం మిణుకుమిణుకుమంటుంది. ఈ పరికరాలు వాడే తరంగాలు ప్రభుత్వం అనుమతించిన శ్రేణిలో ఉండాలి. మన దేశంలో 865 నుండి 868 మెగాహెర్ట్జ్ వరకు గల శ్రేణిని తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. విదేశాల నుండి తెచ్చుకొన్న పరికరం వేరొక శ్రేణిలో పనిచేసేదైతే దానిని ఇక్కడ వాడడం తగదు.

స్థల నిర్ణయం

సైరన్ అమరికలో సగం పని స్థల నిర్ణయమే. ధ్వని దూరం పోయినకొలది క్షీణిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని స్థాయి 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో 110 డెసిబెళ్ళు గల సైరన్ 32 మీటర్ల వద్ద 80, 128 మీటర్ల వద్ద 68 డెసిబెళ్ళుగా వినిపిస్తుంది. గోడలు, చెట్లు అడ్డువస్తే ఇంకా తగ్గుతుంది. తలుపులు మూసుకొని నిద్రించేవానికి అందేది మరింత తక్కువ. చుట్టుపట్ల సహజంగా ఉండే చప్పుడు కంటె సైరన్ కూత కనీసం 10 డెసిబెళ్ళు మించి ఉంటేనే చెవి దానిని స్పష్టంగా గుర్తిస్తుంది. కనుక నిశ్శబ్దమైన పల్లెలో చాలినంత సైరన్ రద్దీగల బజారులో చాలదు, ఏటి ఒడ్డున అసలే చాలదు. గాలి కూడ తన పాత్రను నిర్వహిస్తుంది. గాలి వీచే దిశలో ధ్వని నేలవైపు వంగి దూరం వినిపిస్తుంది, ఎదురుగాలిలో పైకి వంగి మధ్యలోనే మరుగవుతుంది.

అందువల్ల సైరన్‌ను ఎత్తులో అమర్చాలి. నేల నుండి కనీసం 3 మీటర్ల ఎత్తు ఉంటే మనిషి చేతికి అందదు, ధ్వనికి అడ్డంకులు తగ్గుతాయి. పిట్టగోడకో, కిటికీ సన్‌షేడుకో అతి సమీపంలో ఉంటే దొంగ దానిపైకెక్కి సైరన్‌ను ఊడబెరకవచ్చు. వీధిలోనివారికి దీపం కనిపించే వైపు మేలు. రేకుల షెడ్డు, ఇనుప నీళ్ళట్యాంకు, విద్యుత్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర రేడియో సంకేతం దెబ్బతింటుంది. ఇనుపకడ్డీలు దట్టంగా గల కాంక్రీటు గోడలు కూడ సంకేతాన్ని బలహీనపరుస్తాయి. కనుక గోడకు రంధ్రం వేయకముందే సైరన్‌ను ఆ చోట చేతితో పట్టుకొని, నియంత్రణ పెట్టె నుండి సంకేతం చేరుతున్నదో లేదో పరీక్షించడం వివేకం. సౌరఫలకం ఉన్నట్లయితే అది మన దేశంలో దక్షిణదిశకు వాలి ఉండాలి. చెట్టునీడ, ఎదుటిమేడ నీడ దానిపై పడరాదు.

అమరిక

తగిన నిచ్చెన, దానిని పట్టుకొనే తోడుమనిషి లేనిదే ఈ పనికి పూనుకొనరాదు. మొదట సైరన్ వెనుక పలకను గోడకు ఆనించి, రసమట్టంతో సమం చూసి, రంధ్రాల గుర్తులు పెట్టాలి. గోడ లోపల విద్యుత్తు తీగలు పోయే చోటును ముందే తెలుసుకోవాలి. గుర్తుల వద్ద డ్రిల్లింగు యంత్రంతో రంధ్రాలు వేసి, దుమ్ము ఊది, ప్లగ్గులు దిగగొట్టి, మరలతో పలకను బిగించాలి. సముద్రతీరంలో ఉప్పుగాలికి మామూలు ఇనుపమరలు త్వరగా తుప్పుపడతాయి కనుక తుప్పుపట్టని ఉక్కు మరలు వాడాలి. పలక పైఅంచున, రంధ్రాల చుట్టూ సిలికాన్ లేపనం పూయాలి. అడుగు అంచును మాత్రం మూయరాదు. లోపల చేరిన తేమ బయటికి పోవడానికి దారి ఉండాలి.

ఆరుబయట పరికరం వానకు, దుమ్ముకు ఓర్చుకోవాలి. పెట్టెపై 'ఐపీ 65' అని ఉంటే దానిలో మొదటి అంకె దుమ్ము చొరబడదని, రెండవ అంకె అన్ని వైపుల నుండి నీటిధార పడినా హాని కలగదని తెలుపుతాయి. అయితే మూత సరిగా బిగించనప్పుడు ఈ అంకెలకు అర్థం లేదు. ఎత్తయిన స్తంభంపై అమర్చేటప్పుడు పిడుగుపాటు నుండి రక్షణకు ఎర్తింగు తప్పనిసరి.

తరువాత బ్యాటరీని కలపాలి. చాలా సైరన్లలో వెనుక ఒక చిన్న మీట ఉంటుంది. ఎవరైనా సైరన్‌ను గోడ నుండి ఊడదీసినా, మూత తెరచినా ఆ మీట పైకి లేచి కూత మొదలవుతుంది. దొంగకు ఎదురైన ఈ ఏర్పాటు అమర్చేవానికి కూడ ఎదురు కాగలదు. చెవి పక్కన హఠాత్తుగా కూత మొదలైతే నిచ్చెన మీది మనిషి ఉలికిపడి జారిపడవచ్చు. కనుక పని పూర్తయ్యేవరకు వ్యవస్థను పరీక్షాస్థితిలో ఉంచాలి, చెవులకు రక్షణ ధరించాలి.

పరిచయం, పరీక్ష

సైరన్‌కు, నియంత్రణ పెట్టెకు పరస్పరం పరిచయం చేయడం తరువాతి మెట్టు. పెట్టెలో 'నేర్చుకొను' స్థితిని ఎంచుకొని, సైరన్‌పై గల మీటను నొక్కితే సైరన్ తన గుర్తింపు సంఖ్యను పెట్టెకు పంపుతుంది. అప్పటి నుండి ఆ పెట్టె ఆజ్ఞను మాత్రమే అది పాటిస్తుంది. ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపే చౌక పరికరాలలో ఒక లోపం ఉన్నది. ఆ సంకేతాన్ని ఎవరైనా పట్టి మరల ప్రసారం చేయగలరు. ప్రతిసారీ సంకేతం మారే పరికరాలలో ఈ భయం తక్కువ. మేలైన వ్యవస్థలలో సైరన్, పెట్టె నిర్ణీత వ్యవధిలో ఒకదానినొకటి పలకరించుకొంటూ ఉంటాయి. పలకరింపు ఆగిపోతే పెట్టె వెంటనే ఇంటివారిని హెచ్చరిస్తుంది. తీగ తెగితే కంటికి కనబడుతుంది. తరంగం తెగితే కనబడదు కనుక ఈ ఏర్పాటు అవసరమైనది.

కూత ఎంతసేపు సాగాలో ముందే నిర్ణయించాలి. చిన్న సైరన్లకు 3 నిమిషాలు చాలును. అంతులేని కూత బ్యాటరీని పీల్చివేస్తుంది, ఇరుగుపొరుగుకు బాధ కలిగిస్తుంది. ధ్వని కాలుష్య నియంత్రణకై 2000లో వెలువడిన నిబంధనలు నివాసప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళను పరిమితిగా నిర్ణయించాయి. ప్రజల అత్యవసర పరిస్థితిలో రాత్రివేళ ధ్వనిసాధనాల వాడకానికి మినహాయింపు ఉన్నది గాని, అజాగ్రత్తకు మినహాయింపు లేదు. ఇంటివారు లోనికి వచ్చి వ్యవస్థను ఆపుకొనడానికి అర నిమిషం వంటి గడువును కూడ ఏర్పరచాలి.

పరీక్ష పగటివేళ, ఇరుగుపొరుగుకు చెప్పిన తరువాత జరపాలి. మోగించడంతోనే పరీక్ష పూర్తికాదు. ఒకరు మోగిస్తూ ఉండగా మరొకరు వీధి చివర, పొరుగింటి గదిలో, పెరటిలో నిలిచి వినాలి. సైరన్ అమర్చినది మోగడానికి కాదు, వినబడడానికి. ఆ తరువాత నెలకొకసారి పరీక్ష, వర్షాకాలానికి ముందు పూర్తి తనిఖీ తప్పనిసరి. కూతగొట్టంలో కందిరీగలు గూడు కట్టుకొంటాయి. సౌరఫలకంపై దుమ్ము పేరుకొంటుంది. బ్యాటరీ కొన్నేండ్లకు జీవం కోల్పోతుంది. ఇవేవీ బయటికి కనిపించవు. గోడమీద సైరన్ ఉన్నదన్న ధీమా మాత్రం మిగిలి ఉంటుంది. సైరన్ లేకపోవడం కంటె ఆ ధీమా ప్రమాదకరం.

మూగవోయిన సైరన్లు

యంత్రం సరిగా ఉన్నంతమాత్రాన హెచ్చరిక అందుతుందని చెప్పలేము. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్యరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడు కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేటు వెలువడినప్పుడు, బయటివారికై ఉద్దేశించిన సైరన్ కొద్దిసేపు మోగి ఆగిపోయింది. ప్రజలు కలవరపడతారన్న తలంపుతో దానిని త్వరగా ఆపివేసే పద్ధతి అక్కడ ఉండేది. వాయువు మాత్రం ఆగలేదు. నిద్రలో ఉన్న బస్తీలను అది చుట్టుముట్టిన తరువాత గాని వారికి సంగతి తెలియలేదు.

2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం జరిపిన విచారణలో ఒక బాధాకరమైన సంగతి బయటపడింది. సైరన్‌ను మోగించడానికి కర్మాగారంలో 36 చోట్ల ఏర్పాటు ఉన్నది. అయినను ఆనాడు ఒక్కచోట కూడ దానిని ఉపయోగించలేదు. యంత్రం ఉన్నది, మీట ఉన్నది, నొక్కే చేయి లేకపోయింది.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మరొక పాఠం నేర్పింది. హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు నదిలోని బండరాళ్ళపై నిలిచి ఛాయాచిత్రాలు తీసుకొంటూ ఉండగా, ఎగువనున్న లార్జీ ఆనకట్ట నుండి విడుదలైన నీరు హఠాత్తుగా ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆనకట్ట వద్ద తలుపులు ఎత్తిన సంగతి దిగువన నదిలో నిలిచినవారికి సకాలంలో అందలేదు. ఆనకట్టపై ఒక్క సైరన్ ఉన్నంతమాత్రాన మలుపులు తిరిగే లోయలో, నీటి హోరులో అది దిగువకు వినబడదు. నది పొడవునా అక్కడక్కడ సైరన్లను నిలిపి, ఆనకట్ట నుండి ఒకే ఆజ్ఞతో అన్నిటినీ మోగించగలిగినప్పుడే హెచ్చరిక నీటి కంటె ముందు పరుగెత్తుతుంది. నిస్తంత్రి పద్ధతి దీనికి ఎంతో అనుకూలమైనది.

నమ్మకం

'నాన్నా పులి' కథ తెలుగు పిల్లలందరికీ తెలిసినదే. రెండుసార్లు వేళాకోళానికి అరచిన పిల్లవాని మూడవ కేకను నిజమైన పులి వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకొనలేదు. పిల్లి దూకినా, తెర కదిలినా మోగే సైరన్ గతి కూడ అంతే. నాలుగుసార్లు వృథాగా మోగితే అయిదవసారి పొరుగువారు కిటికీ మూసుకొంటారు. కనుక సూచికల అమరికలో శ్రద్ధ వహించి వృథాకూతలను నివారించడం, మోగించవలసినప్పుడు సంకోచించకుండా మోగించడం రెండూ సమానంగా అవసరం.

విన్నవారికి ఏమి చేయాలో తెలియకపోయినా ఫలితం లేదు. విషవాయువు వెలువడినప్పుడు గాలివాలుకు అడ్డంగా తొలగిపోవాలి. ఉప్పెన వచ్చేటప్పుడు ఎత్తయిన చోటుకు చేరాలి. విమానదాడి జరిగేటప్పుడు లోపలే ఉండి దీపాలు ఆర్పాలి. ఒకే కూత మూడు చోట్ల మూడు పనులను కోరుతుంది. అందుచేత ఏ ఊరిలో ఏ కూతకు ఏ అర్థమో ఆ ఊరి పిల్లలకు, వృద్ధులకు, కొత్తగా వచ్చినవారికి ముందే నేర్పాలి. చెవులు వినబడనివారికి మిణుకుదీపమో, తట్టిలేపే పొరుగువారో కావాలి. సైరన్‌ను గోడకు బిగించడం ఒక పూట పని. దాని కూత వినగానే ఊరంతా కదిలేటట్లు చేయడం నిరంతరం సాగవలసిన పని.

కఠినపదాలు – అర్థాలు

ఘంటిక : చిన్న గంట
నిస్తంత్రి : తీగలు లేనిది
పౌరరక్షణ : ప్రజల ప్రాణాలను, ఆస్తులను కాపాడే వ్యవస్థ
ఉప్పెన : తుపాను వేళ సముద్రం పొంగి నేలపైకి రావడం
సూచిక : మార్పును గుర్తించి తెలిపే సాధనం
రసమట్టం : సమతలాన్ని చూసే పనిముట్టు
లేపనం : పూత
గాలివాలు : గాలి వీచే దిశ

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. 'సైరన్' అనే పేరు ఎట్లా వచ్చింది?
2. తుపాను ప్రాంతాలలో నిస్తంత్రి సైరన్ అవసరం ఏమిటి?
3. సైరన్‌కు, నియంత్రణ పెట్టెకు మధ్య పలకరింపు ఎందుకు?

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు వ్రాయండి.
1. ఆరుబయట సైరన్‌ను అమర్చేటప్పుడు స్థల నిర్ణయంలో పాటించవలసిన జాగ్రత్తలను వివరించండి.
2. "యంత్రం ఉన్నది, మీట ఉన్నది, నొక్కే చేయి లేకపోయింది." ఈ వాక్యాన్ని పాఠంలోని సంఘటనల ఆధారంగా సమర్థించండి.
3. మీ కళాశాలలో సైరన్ మోగితే ఎవరు ఏమి చేయాలో తెలుపుతూ ఒక ప్రణాళికను రూపొందించండి.